బడి గంట ఆగిపోయాక



బి.కామ్ మొదటి సంవత్సరంలో చేరిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. అయిదు నుంచి పదో తరగతి దాకా గురుకులంలో చదివింది. ఇంటర్లో సీఈసీ తీసుకుని హాస్టల్లో ఉంది. ఇప్పుడు పట్నంలో మరో ఇద్దరితో కలిసి గది అద్దెకు తీసుకుని డిగ్రీ కాలేజీకి వెళ్తోంది. గురుకులంలో తెల్లవారుజామున గంట కొడితే లేచేది. గంట కొడితే వ్యాయామానికి, గంట కొడితే టిఫినుకు, గంట కొడితే స్టడీ అవర్‌కు. అన్నేళ్లు అలా గడిచాక ఆ క్రమం ఇక జన్మకు తనదేనని నమ్మింది. డిగ్రీలో చేరిన రెండు నెలలకే అందులో సగం జారిపోయింది. లేచేసరికి ఎనిమిదవుతోంది. ఏ రోజు నోట్సు ఆ రోజు రాయడం పోయింది. వ్యాయామం మాటే లేదు. కొన్ని మాత్రం చెక్కు చెదరలేదు. లేవగానే పక్క సర్దుతుంది. తిన్న కంచం తనే కడుక్కుంటుంది. పడుకోబోయే ముందు రేపటి పుస్తకాలు సంచిలో పెట్టుకుంటుంది.

ఏవి పోయాయి, ఏవి మిగిలాయి, ఎందుకలా జరిగింది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థి దగ్గర మంచి పనిముట్లే ఉన్నాయి. ఆ శాస్త్రంలో మొదటి పాఠమే ఒక అలవాటు గురించి.

ఇంటర్ కామర్స్ పుస్తకం ప్రకారం వ్యాపారంలో జరిగిన ప్రతి వ్యవహారం ముందు చిట్టాలోకి ఎక్కాలి. తారీకు, ఏ ఖాతాకు డెబిట్, ఏ ఖాతాకు క్రెడిట్, ఎంత మొత్తం, కింద ఒక వాక్యంలో వివరణ. చిట్టాలోని పద్దులను ఆవర్జాలో ఖాతాలవారీగా సర్దుతారు. ఆవర్జా నిల్వలన్నీ ఒకచోట చేర్చి అంకణా, అంటే ట్రయల్ బ్యాలెన్స్, తయారు చేస్తారు. రెండు వైపులా మొత్తాలు కలిస్తే తరగతి తరగతంతా ఊపిరి పీల్చుకుంటుంది. ప్రతి వ్యవహారాన్నీ రెండు ఖాతాల్లో రాసే ఈ జంటపద్దు విధానాన్ని వివరంగా చెబుతూ తొలిసారి అచ్చయిన పుస్తకం 1494లో వెనిస్‌లో వచ్చింది. దాన్ని రాసిన లూకా పచియోలీ లెక్కలు బోధించే ఫ్రాన్సిస్కన్ సన్యాసి. వెనిస్ వర్తకులు అప్పటికే పాటిస్తున్న పద్ధతిని ఒక బడిపంతులు కూర్చుని, ఇంకొకరు నేర్చుకునేలా వరసలో పెట్టి రాశాడు. 500 ఏళ్లు దాటినా ప్రపంచమంతా ఆ దారిలోనే లెక్కలు రాస్తోంది.

అంకణా సరిపోయినంత మాత్రాన పుస్తకాలు సరిగ్గా ఉన్నట్టు కాదని కూడా ఆ తరగతిలోనే చెబుతారు. ఒక అమ్మకాన్ని అసలు రాయకుండా వదిలేశారనుకోండి. అది డెబిట్ వైపూ పడలేదు, క్రెడిట్ వైపూ పడలేదు. మొత్తాలు చక్కగా కలుస్తాయి. రాసిన తప్పుల్లో చాలావాటిని వెతికి పట్టుకోవచ్చు గానీ, రాయని పద్దు అంకణాకు దొరకదు. బడిలో చదువులో వెనకబడే పిల్లల సంగతీ ఇంతే. తప్పు రాసినవాణ్ని మాస్టారు పిలిచి దిద్దుతారు. ఏమీ రాయకుండా వెనక బెంచీలో నోరు మెదపకుండా కూర్చున్నవాడు మార్కుల జాబితా వచ్చేదాకా ఎవరి కంటా పడడు. ఏ రోజు పాఠం ఆ రోజు నాలుగు వాక్యాల్లో రాసుకోవాలని పెద్దలు అనేది అందుకే. రాస్తేనే తప్పు పైకి తేలుతుంది.

మరి గురుకులంలో అన్నేళ్లు అలా రాసిన అమ్మాయి పట్నానికి రాగానే ఎందుకు మానేసింది? బద్ధకం అనేయడం తేలిక. అమెరికాలో వెండీ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి సరిగ్గా ఇలాంటి విద్యార్థులనే పరిశీలించారు. 2002లో ప్రచురించిన పరిశోధనలో, గంటగంటకీ సంకేతం వచ్చినప్పుడల్లా ఏం చేస్తున్నారో, ఏం ఆలోచిస్తున్నారో విద్యార్థులు రాసిపెట్టారు. వాళ్ల పనుల్లో దాదాపు 43 శాతం రోజూ అదే చోట, తరచుగా మనసు మరెక్కడో ఉండగా జరిగిపోయేవేనని తేలింది. 2005లో మరో పరిశోధన వచ్చింది. ఒక విశ్వవిద్యాలయం నుంచి మరోదానికి మారుతున్న విద్యార్థుల వ్యాయామం, పత్రికా పఠనం, టీవీ చూడటం అనే మూడు అలవాట్లను మారకముందూ మారాకా గమనించారు. కొత్తచోట కూడా పాత పరిస్థితులే దొరికితే అలవాటు నిలిచింది. పరిసరాలు మారినచోట చెదిరింది. అలా చెదిరిన తర్వాత ఆ పని కొనసాగడమూ మానడమూ విద్యార్థి నిజంగా అది చేయాలనుకున్నాడా లేదా అన్నదాని మీద ఆధారపడింది.

ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గరికి వద్దాం. పక్క సర్దడానికి గుర్తు పక్కే. కంచం కడగడానికి గుర్తు తిన్న కంచమే. పుస్తకాలు సర్దుకోవడానికి గుర్తు నిద్రవేళ. ఈ గుర్తులన్నీ ఆమె వెంట పట్నం వచ్చాయి. తెల్లవారి లేవడానికి, నోట్సు రాయడానికి, పరుగెత్తడానికి గుర్తు గంట ఒక్కటే. అది గురుకులంలోనే ఉండిపోయింది. ఆ అమ్మాయి గుణం ఎక్కడికీ పోలేదు. గుర్తు పోయింది, అంతే.

తెలుగునాట గురుకులాల చరిత్ర చిన్నదేమీ కాదు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి ప్రభుత్వ గురుకులం మొదలైంది. పి.వి.నరసింహారావు పూనికతో వచ్చిన ఆ బడి తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి, ఇంకా ఎన్నో వచ్చాయి. పల్లెల్లో కిరోసిన్ దీపం వెలుగు కూడా సరిగ్గా అందని పిల్లలకు వేళకు తిండి, వేళకు చదువు, వేళకు ఆట ఇచ్చిన చోట్లు అవి. ఎందరి జీవితాలో మార్చాయి. ఆ గంటను తక్కువ చేయాల్సిన అవసరం లేదు. కానీ పరీక్షల ర్యాంకుల కోసం పొద్దున్నుంచి రాత్రిదాకా పిల్లల్ని కుర్చీకి కట్టేసే కొన్ని ఇంటర్ హాస్టళ్లను గురుకులాలతో ఒక్క గాటన కట్టకూడదు. ఆట తీసేసి, ఆదివారం తీసేసి, పిల్లవాడు తనంతట తాను ఏదీ నిర్ణయించుకునే వీలు లేకుండా చేసే చోట విధేయత పెరుగుతుంది. అక్కడ మంచి అలవాట్లు నేర్పుతున్నామని చెప్పడం సరికాదు. అలాంటి చోటు నుంచి డిగ్రీకి వచ్చిన పిల్లలు ఖాళీగా దొరికిన ఒక్క సాయంత్రాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఫోనుకు అప్పగించేస్తున్నారు. తప్పు వాళ్లది కాదు. రెండేళ్లపాటు ఒక్క సాయంత్రమూ వాళ్ల చేతికి ఇవ్వలేదు.

బడి వదిలాక గంటను తమకు తామే కట్టుకున్నవాళ్లు ఎలా కట్టుకున్నారో చూడాలంటే గాంధీజీ ఆత్మకథలోని విద్యార్థి దశ చాలా ఉపయోగపడుతుంది. రాజకోటలో ఆయన చదివిన హైస్కూలులో ప్రధానోపాధ్యాయుడు దొరాబ్జీ ఎదుల్జీ గిమి పై తరగతుల అబ్బాయిలకు కసరత్తు, క్రికెట్ తప్పనిసరి చేశారు. గాంధీకి రెండూ ఇష్టం లేవు. బడి వదలగానే ఇంటికి వెళ్లి తండ్రికి సేవ చేయాలని ఆరాటం. ఒక శనివారం ఉదయం బడి అయ్యాక సాయంత్రం నాలుగుకు కసరత్తుకు రావాలి. చేతిలో గడియారం లేదు, ఆకాశం మబ్బు పట్టి ఉంది. వెళ్లేసరికి అంతా అయిపోయింది. నిజం చెప్పినా ప్రధానోపాధ్యాయుడు నమ్మలేదు, ఒకటో రెండో అణాల జరిమానా వేశారు. అబద్ధమాడాడన్న నింద ఆ కుర్రవాణ్ని ఏడిపించింది. నిజం చెప్పేవాడు జాగ్రత్తగానూ ఉండాలని అప్పుడు తెలిసిందని ఆయన రాసుకున్నారు. చేతిరాత గురించి కూడా దాచుకోకుండా రాశారు. చదువుకు అందమైన దస్తూరి అక్కర్లేదని చిన్నప్పుడు అనుకున్నారు. దక్షిణాఫ్రికాలో అక్కడి న్యాయవాదుల, యువకుల ముత్యాల్లాంటి అక్షరాలు చూశాక సిగ్గుపడ్డారు. అప్పుడు దిద్దుకోబోతే కుదరలేదు.

ఆయన నిలబెట్టుకున్న అలవాటు మరోటి ఉంది. అది వాణిజ్య విద్యార్థికి చాలా దగ్గరిది. 1888లో లండన్ వెళ్లి బారిస్టరు చదువుకునే రోజుల్లో ఖర్చయిన ప్రతి ఫార్దింగు నాణేన్నీ రాసేవారు. బస్సు చార్జీ, తపాలా బిళ్ల, వార్తాపత్రికకిచ్చిన చిల్లర, అన్నీ. రోజూ పడుకోబోయే ముందు నిల్వ తేల్చేవారు. ఆ పుస్తకం చూసుకున్నాకే రెండు గదుల బస మాని ఒక్క గదికి మారారు, బస్సులు మాని నడక పట్టారు, ఉదయం వంట తనే చేసుకున్నారు. రోజుకు ఎనిమిది నుంచి పది మైళ్లు నడవడం అలా మొదలైంది. ఖర్చు తగ్గించాలన్న లెక్క ఆరోగ్యాన్ని కూడా తెచ్చిపెట్టింది.

ఆ రాత్రి లెక్క తర్వాత ప్రజాజీవితంలోకి వచ్చింది. 1894లో నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ పెట్టినప్పుడు ఎంత చిన్న మొత్తానికైనా రసీదు ఇవ్వాలని పట్టుపట్టారు. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని, కోటిమంది సభ్యుల్ని చేర్చాలని, 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. కోటి రూపాయలు పోగయ్యాయి కూడా. ఆంధ్రదేశంలో ఆడవాళ్లు ఒంటిమీది నగలు తీసి ఇచ్చిన కాలం అది. ఇచ్చినవాళ్లు లెక్క అడిగే స్థితిలో లేకపోయినా లెక్క ఉండాలన్న గాంధీజీ పట్టుదల లండన్ గదిలో దీపం ఆర్పే ముందు తెరిచిన పుస్తకంలో పుట్టింది.

అలవాటు కుదరడానికి ఎన్నాళ్లు పడుతుందన్నది పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న. 21 రోజులు అని ఒక లెక్క గోడల మీదా ఫోన్లలోనూ తిరుగుతోంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం దీన్ని కొలిచి చూసింది. 96 మంది తమకు నచ్చిన ఒక చిన్న పనిని ఎంచుకున్నారు. మధ్యాహ్న భోజనంతో ఒక పండు తినడం, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరుగెత్తడం, అలాంటివి. 12 వారాలు ప్రతిరోజూ నమోదు చేశారు. ఆ పని తనంతట తాను జరిగే స్థాయికి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. మనిషి మనిషికీ తేడా విపరీతం. కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని అంచనా తేలింది. మరో సంగతి కూడా తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమం దెబ్బతినలేదు.

ఈ చివరి మాట తెలియకే ఎంతోమంది పిల్లలు ఓడిపోతున్నారు. జనవరి ఒకటిన డైరీ మొదలుపెట్టి, అయిదో తారీకున ఒక పేజీ ఖాళీ పడగానే మొత్తం డైరీనే పక్కన పడేస్తారు. కామర్స్ విద్యార్థికి అలాంటి చోట ఏం చేయాలో పాఠమే చెబుతుంది. ఖాతా పుస్తకంలో తప్పు పడితే చెరిపేయరు, కాగితం చింపరు. తప్పును అలాగే ఉంచి, తెలిసిన తారీకున సవరణ పద్దు రాస్తారు. పుస్తకం ముందుకు సాగుతుంది.

చదివే పద్ధతిలో కూడా బడి నేర్పిన ఒకటి మళ్లీ చూసుకోవాల్సి ఉంది. మన బడుల్లో చదవడమంటే చదివిందే మళ్లీ చదవడం. స్టడీ అవర్లో గది గదంతా తేనెటీగల రొదలా గొంతెత్తి చదువుతుంది. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులు ఒక భాగాన్ని చదివారు. కొందరు దాన్నే మళ్లీ చదివారు. కొందరు పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగినప్పుడు లెక్క తిరగబడింది. మూసి రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే. పరీక్షకు ముందు రాత్రి చదివి గట్టెక్కినవాడు నెల తిరక్కుండా తరుగుదల లెక్క ఎలా కట్టాలో మరిచిపోతాడు. పుస్తకం మూసి రాసుకునే పది నిమిషాలు ఏ స్టడీ అవర్లోనైనా చేర్చవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. ఉపాధ్యాయులు ఈ మార్పు చేస్తే బాగుంటుంది.

బడి అంటే పుస్తకం ఒక్కటే కాదని చెప్పడానికి హైదరాబాదులోనే ఉదాహరణ ఉంది. మైక్రోసాఫ్ట్ సారథిగా ఎదిగిన సత్య నాదెళ్ల బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివారు. ఆ రోజుల్లో ఆయన ప్రాణమంతా క్రికెట్టే. ఐఐటీ ప్రవేశ పరీక్షలో నెగ్గలేదని కూడా ఆయనే చెప్పుకున్నారు. మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం చేస్తూనే వారాంతాల్లో షికాగో వెళ్లి చదివి 1997లో ఎంబీఏ పట్టా తీసుకున్నారు. 2017లో వచ్చిన తన పుస్తకంలో నాయకత్వం గురించి చెబుతూ ఆయన బిజినెస్ స్కూలు పాఠంతో పాటు బడి మైదానాన్నీ గుర్తు చేసుకున్నారు. ఒక మ్యాచ్‌లో నాదెళ్ల బౌలింగు బాగా లేకపోతే కెప్టెన్ బంతి తను తీసుకుని వికెట్ పడగొట్టాడు. ఆ తర్వాత బంతిని మళ్లీ నాదెళ్లకే ఇచ్చాడు. ఆ మ్యాచ్‌లో ఆయన వికెట్లు తీశారు. ఆ కుర్ర కెప్టెన్ నా నమ్మకం దెబ్బతినకుండా ఎందుకు చూసుకున్నాడా అని పెద్దయ్యాక కూడా ఆలోచించానని రాశారు. తడబడినవాడి చేతికి బంతి తిరిగి ఇవ్వడం కూడా ఒక అలవాటే. అది గంట కొడితే రాదు, ఆట ఉంటేనే వస్తుంది. ఆటస్థలం లేని బడికి అనుమతులు ఇచ్చే ప్రతి సంతకమూ ఆ అవకాశాన్ని పిల్లల నుంచి తీసేస్తోంది.

మంచి అలవాట్లుంటే ఎవరైనా పైకొస్తారని అనడంలో మాత్రం జాగ్రత్త అవసరం. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లా కథ చూడండి. పదో తరగతి మంచి మార్కులతో పాసైనా చూపు లేదన్న కారణంతో సైన్స్ గ్రూపు ఇవ్వలేదు. కోర్టుకు వెళ్లి ఆ సీటు సాధించుకోవాల్సి వచ్చింది. పాఠాలను ఆడియోగా విని చదివి ఇంటర్లో 98 శాతం తెచ్చుకున్నారు. ఇక్కడి ఐఐటీ కోచింగ్ సంస్థ తలుపు తెరవలేదు. అమెరికాలో ఎంఐటీ తెరిచింది. అక్కడి స్లోన్ స్కూల్లో మేనేజ్‌మెంట్ చదివి, తిరిగి వచ్చి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ మొదలుపెట్టి వికలాంగులకు ఉపాధి కల్పించారు. ఆయన పట్టుదల గొప్పది. కానీ ఆ పట్టుదలలో ఎంత భాగం చదువు మీద ఖర్చయింది, ఎంత భాగం తలుపులు తెరిపించడానికి ఖర్చయింది?

మనోనిగ్రహం మీద చేసిన ప్రసిద్ధ ప్రయోగాన్ని తిరిగి చూసినా ఈ జాగ్రత్తే అవసరమని తెలుస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చిన్నపిల్లల ముందు మిఠాయి పెట్టి, తినకుండా ఆగితే రెండోది ఇస్తానన్నారు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో మెరుగ్గా ఉన్నారని చెప్పుకున్నారు. 2018లో టైలర్ వాట్స్ బృందం 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూసింది. ఇంటి పరిస్థితులు, చిన్ననాటి నేపథ్యం లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం మూడింట రెండు వంతుల దాకా తగ్గిపోయింది. రేపు ఇంట్లో మిఠాయి ఉంటుందని తెలిసిన పిల్లవాడికి ఆగడం తేలిక. ఏ రోజు ఏం దొరుకుతుందో తెలియని ఇంట్లో, దొరికినప్పుడే తినేయడం తెలివైన పనే. ఆ పిల్లవాడికి నిగ్రహం మీద ఉపన్యాసం ఇచ్చే ముందు బడిలో మధ్యాహ్న భోజనం వేళకు వడ్డిస్తున్నారో లేదో చూడాలి.

ఇంతకీ బి.కామ్ విద్యార్థి ఈ తెలివిని ఏం చేసుకోవాలి? ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు మొదటి సంవత్సరం అయ్యాక 180 గంటల సమాజ సేవా ప్రాజెక్టు ఉంటుంది. చాలామంది ఒక సర్వే కాగితం నింపి ఇచ్చేస్తారు. అంతకన్నా మంచి పని దగ్గర్లోని హైస్కూల్లోనే ఉంది. ఒకప్పుడు మన బడుల్లో సంచయిక అని ఉండేది. పిల్లలే డబ్బు జమ చేసేవాళ్లు, పిల్లలే పుస్తకం రాసేవాళ్లు, మాస్టారు పక్కన ఉండి చూసేవారు. ఇప్పుడు పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరున బ్యాంకు పొదుపు ఖాతా తెరిచి తామే నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు 2014లోనే వీలు కల్పించింది. ఆ సంగతి చాలా పల్లె బడుల్లో తెలియదు.

మన అమ్మాయి తన ఊరి బడికి వెళ్లి ఏడో తరగతి పిల్లల చేత ఒక నగదు చిట్టా రాయించవచ్చు. ఎడమ వైపు వచ్చింది, కుడి వైపు పోయింది. అమ్మమ్మ ఇచ్చిన పది రూపాయలు, పెన్నుకు పెట్టిన అయిదు రూపాయలు, మిగిలిన నిల్వ. వేళ మాత్రం పిల్లలే ఎంచుకోవాలి. ఒకరు మధ్యాహ్నం కంచం కడిగాక రాస్తారు, ఒకరు సంచి సర్దేటప్పుడు రాస్తారు. వారానికోసారి పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పుస్తకాలు మార్చుకుని కూడికలు సరిచూస్తారు. ఒక రోజు రాయడం మరిచిపోయినవాళ్లు మర్నాటి తారీకు వేసి మొదలుపెడతారు. రెండు నెలల తర్వాత, బడికి సెలవులిచ్చి గంట ఆగిపోయిన రోజుల్లో కూడా ఎంతమంది రాస్తున్నారో ఆ అమ్మాయి వెళ్లి చూడాలి. ప్రాజెక్టు నివేదికలో రాయాల్సిన అంకె అది.